నాచారం నాగమణి గజ్జెలు

మధ్యాహ్నం రెండింటికి ఉప్పల్‌లో టిఫిన్ సెంటర్ పైనున్న ఆ చిన్న ఆఫీసులోకి వచ్చిన మనిషికి ఒకటే కనుబొమ్మ ఉంది. రెండోదాన్ని జిగురుతో అణిచి, పైన రంగు పూసి మాయం చేశారు. ముఖంలో సగం పెళ్లికూతురిలా మెరుస్తోంది. మిగతా సగం చెమటతో కారిపోతోంది.

ప్రైవేట్ డిటెక్టివ్ గిరిప్రసాద్ అప్పుడే కరెంటాఫీసుకి నాలుగోసారి ఫోన్ చేసి, నాలుగోసారి కూడా పాట మాత్రమే విని, ఫోన్ బల్ల మీద పడేశాడు. పొద్దుటి నుంచీ ఆ రోజు అలాగే నడుస్తోంది.

"సార్, నా గజ్జెలు పోయినయ్," అన్నాడు వచ్చినవాడు.

అసిస్టెంట్ స్పందన కుర్చీలోంచి లేచి నిలబడింది. "సార్, ఈయన నాచారం నాగమణి! టీవీల వస్తడు, మీరు సూస్తలేరా?"

గిరిప్రసాద్ చూడడు. అందుకని ఆమే చెప్పింది. 'మెరుపు రాణి' అనే రియాలిటీ షోలో మగవాళ్లు విగ్గూ చీరా కట్టి, ఆడి, పాడి, నవ్వించి పోటీ పడతారు. పదకొండు వారాల్లో పదిమంది ఇంటికి పోయారు. ఇద్దరు మిగిలారు. ఫైనల్ ఇవాళే, ఆరింటికి, లైవ్‌లో.

"గజ్జెలేగా, వేరేవి కట్టుకోకూడదా?" అన్నాడు గిరిప్రసాద్.

నాగమణి అసలు పేరు బాలరాజు. ఆ మాటకు అతని ముఖం ముడుచుకుపోయింది. "అవి మా తాతయి సార్. ఒగ్గు కథల నలభై ఏండ్లు ఆడవేషం కట్టిండు. నాకు పన్నెండేండ్లప్పుడు ఆయనే నా కాళ్లకు కట్టిండు. వేరే గజ్జెలతోని నాకు అడుగు వడది. ఈ షో కోసం సెలవు మీద సెలవు పెడితె ఫ్యాక్టరీల తీసేసిన్రు. ఇయ్యాల స్టేజ్ ఎక్కకపోతె ఎటూ గాకుండ పోత."

ఉప్పల్ నుంచి నాచారం స్టూడియోకి ఉన్నది కాస్త దూరమే. ఆటోలో ముప్పావు గంట పట్టింది. ముందు లారీ కదలదు, వెనక బస్సు హారన్ ఆపదు. గిరిప్రసాద్ దారి పొడుగునా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉన్నాడు.

మేకప్ గది ముందు బాలరాజు చెప్పులు విప్పాడు. లోపల నేల నిండా పిన్నీసులు.

"గుచ్చుకోవా అన్నా?" అంది స్పందన.

"గజ్జెలున్న కాడికి చెప్పులతోని పోవద్దక్కా. ఇప్పుడు లేవు గని, అలవాటు."

గదిలో ఖరీదైన విగ్గు ఉన్నచోటే ఉంది. నగలున్నాయి. గజ్జెల పెట్టె మాత్రం ఖాళీ. బల్ల మీద నుంచి పౌడర్ డబ్బా పడి నేలంతా తెల్లగా పరుచుకుంది. ఆ తెలుపులో రెండు పాదాల గుర్తులు, ఐదేసి వేళ్లతో సహా.

"ఎప్పుడు పోయాయి?"

"ఒంటిగంటకు తినబోయిన. అందరం ఒక్కకాడనే కూసున్నం, అరవైమంది దాక. ఇరవై నిమిషాలల్ల వచ్చేసరికి లేవు. వచ్చి జూసి తలుపు కాడి నుంచే అరిచిన."

గేటు దగ్గర కాపలావాడు బయటికి ఏ సంచీ పోలేదని ఒట్టేశాడు. మేకప్ గదికి గోడ అవతల కూర్చుని ఆ టైములో టీ తాగిన ఎలక్ట్రీషియన్ గజ్జెల చప్పుడే వినలేదన్నాడు. కాలికి నూరేసి మువ్వలు. చప్పుడు లేకుండా ఎలా పోతాయి? గిరిప్రసాద్‌కు చిరాకు ఇంకాస్త పెరిగింది.

పోటీలో మిగిలిన రెండో మనిషి సన్నీ. మోకాళ్ల దాకా తాళ్లు బిగించిన బూట్లతో అద్దం ముందు కూర్చుని ఉన్నాడు.

"నా మీదనే డౌటు గద సార్? పొద్దున పదింటికి తొడిగిన్రు ఈ బూట్లు. ఇద్దరు గుంజితె గని ఊడవు. బాలరాజన్నను డాన్సుల ఓడగొడ్త, దొంగతనంల గాదు."

ఇక షో నడిపే కౌశల్. అతనితో మాట్లాడుతుంటే పక్కన కెమెరామన్ గిరిప్రసాద్ ముక్కు దాకా కెమెరా తెచ్చాడు.

"ముందు అది ఆపండి."

"సార్, మంచి ఎమోషన్ వస్తోంది," అన్నాడు కౌశల్. "కానీ నాకా గజ్జెలు కావాలి. క్లైమాక్స్ అంతా వాటి మీదే ఉంది. మనవడు చీర కట్టాడని తాత సిగ్గుతో రెండేళ్లుగా మాట్లాడలేదు. మనవడు స్టేజ్ మీద గజ్జెలు విప్పి తాత కాళ్ల దగ్గర పెట్టి, తప్పయింది, ఇక కట్టనంటాడు. తాత ఏడుస్తాడు. చూసేవాళ్లందరూ ఏడుస్తారు. పన్నెండింటికి రిహార్సల్‌లో చదువుతుంటేనే మా వాళ్లు కళ్లు తుడుచుకున్నారు!"

"తాత ఏమన్నాడు?"

"ఏమంటాడు? పెద్దాయన, మౌనంగా విన్నాడు."

ఆ పెద్దాయన మొగిలయ్య వరండా చివర కుర్చీలో ఉన్నాడు. తెల్ల పంచె, కొత్త చొక్కా, షోవాళ్లు తొడిగిన కొత్త బూట్లు. బూట్ల తాళ్లు నేల మీద వేలాడుతున్నాయి. భుజం మీద కండువా లేదు.

"గజ్జెలు పోయాయట కదా తాతా," అన్నాడు గిరిప్రసాద్.

"పోతె పోనియ్," అన్నాడు మొగిలయ్య.

వెనక్కి వస్తుంటే స్పందన జారి, గోడ పట్టుకుంది. గోడకు పైన దేవుడి పటాలున్న చెక్క అర ఉంది. కింద నేల తడిగా ఉంది. "ఈ ఏసీలతోని సావొచ్చింది," అని విసుక్కుంది. గిరిప్రసాద్ తల ఎత్తి చూశాడు. అక్కడ ఏసీ లేదు.

"అందరినీ ఇక్కడికి పిలువు," అన్నాడు.

అయిదుంపావుకి ఆ వరండాలో అందరూ నిలబడ్డారు. బాలరాజు రెండో కనుబొమ్మా మాయమైంది గానీ కాళ్లు బోసిగానే ఉన్నాయి.

"తీసిన మనిషి చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు," అన్నాడు గిరిప్రసాద్. "పిన్నీసుల గదిలో వొట్టికాళ్లతో నడిచే దొంగ ఉంటాడా? గజ్జెలను దేవుడనుకునే మనిషైతేనే నడుస్తాడు. ఈ స్టూడియోలో అలాంటివాళ్లు ఇద్దరు. ఒకరు బాలరాజు. అప్పుడాయన అరవైమందితో అన్నం తింటున్నాడు."

గిరిప్రసాద్ కాళ్ల దగ్గరి తడి చూపించాడు.

"ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్లు దారిలో మువ్వలు మోగకుండా ఏం చేస్తారో నాకు తెలియదు. కానీ ఇక్కడ ఏం చేశారో తెలుసు. తడి గుడ్డలో గట్టిగా చుట్టారు. అందుకే చప్పుడు లేదు. అందుకే ఈ నేల తడి. షోవాళ్లు తొడిగిన బూట్లు విప్పగలిగాడు గానీ, మళ్లీ ఆ తాళ్లు ముడేయడం ఆయనకు రాలేదు. గజ్జెల్ని నేల మీద పెట్టడానికి చేతులు రాక దేవుడి దగ్గర పెట్టాడు."

స్టూలెక్కి, పటాల వెనక నుంచి బరువైన తడి కండువా మూట తీసి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు తాతా?" అన్నాడు బాలరాజు. "నా బతుకు ఇయ్యాల తోటి అయిపోయేది గద!"

మొగిలయ్య లేచాడు. "రోజూ నీతోని మాట్లాడేటోన్ని, నేను సిగ్గుతోని రెండేండ్లు మాట్లాడలేదట! నలభై ఏండ్లు సీర గట్టినోన్ని, నాకు సిగ్గట! వాళ్లు సదువుతుంటె నువ్వు తలకాయ ఊపినవ్ రా. తప్పు జేసినోడు కాళ్ల మీద వడ్తడు. నువ్వేం తప్పు జేసినవ్, రాజూ?"

"గెలవాలంటె గట్లనే చెయ్యాలన్నరు," అన్నాడు బాలరాజు. కన్నీళ్లకు బుగ్గ మీద రంగు చారలు కట్టింది.

"అద్భుతం! రోల్ చెయ్!" అరిచాడు కౌశల్.

స్పందన వెళ్లి కెమెరా ముందు గోడలా నిలబడింది.

"జరుగమ్మా," అన్నాడు కెమెరామన్.

"జరుగ."

బాలరాజు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపాడు. మొగిలయ్య కండువా విప్పి, గజ్జెలు కళ్లకద్దుకుని, ఒక్కొక్క చుట్టూ లెక్క తప్పకుండా కట్టాడు.

"ఆడత సార్," అన్నాడు బాలరాజు కౌశల్‌తో. "గని విప్ప."

"అయితే స్టేజే లేదు!"

"ఒక్కరితో ఫైనల్ ఎలా పెడతారు?" అన్నాడు గిరిప్రసాద్. "నలభై నిమిషాలుంది. ఆలోచించుకోండి."

కౌశల్ ఆలోచించుకోలేదు, ఫోన్ నేలకేసి కొట్టాడు. ఆరింటికి నాచారం నాగమణి స్టేజ్ ఎక్కింది. ఆ ఎనిమిది నిమిషాలూ స్పందన ఈలలు వేస్తూనే ఉంది, అరుస్తూనే ఉంది. గిరిప్రసాద్ చప్పట్లు కొట్టడం ఆమె మొదటిసారి చూసింది.

కిరీటం సన్నీకి వచ్చింది.

"ఇదేం న్యాయం సార్?" అంది స్పందన కళ్లు తుడుచుకుంటూ. గిరిప్రసాద్ ఆటోలో కూడా నోట రానివ్వని తిట్టు ఒకటి గట్టిగా తిట్టేశాడు.

బాలరాజు విగ్గు తీసి సంచిలో పెట్టుకున్నాడు. నాచారంలోనే ఇల్లు, నడిచిపోయే దూరం. గేటు దగ్గర గట్టు మీద కూర్చుని గజ్జెల ముడి మీద చెయ్యి వేశాడు. మొగిలయ్య, కొత్త బూట్లు కాపలావాడి బల్ల మీద వదిలేసి, వొట్టికాళ్లతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"విప్పకు బిడ్డా," అన్నాడు. "ఇంటి దాక మోగనియ్."