తొమ్మిది గంటల గొంతు

మధ్యాహ్నం రెండయింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి పాత మేడలో, మూడో అంతస్తున, ఓ న్యూస్ ఛానల్ ఆఫీసు. కింద బస్సుల హారన్లు, ఇరానీ హోటల్ చాయ్ వాసన. రికార్డింగ్ గది తలుపు పడిందంటే మాత్రం అవేవీ ఉండవు. చీకటి, గోడలకు అంటించిన పాత స్పాంజి వాసన, చెవుల్లో సొంత గుండె చప్పుడు.

స్వర్ణలత మైకు ముందు కూర్చుంది. తొమ్మిది గంటల వార్తలు ఒకప్పుడు ఆమెవే. ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చేసరికి ఆ కుర్చీలో ప్రిసిల్లా ఉంది. "జెర ఒళ్లు తగ్గు, చూద్దాం" అన్నాడు ఎడిటర్ హేమచంద్ర, తన బొజ్జ నిమురుకుంటూ. ఆయన బొజ్జేమో అనుభవమట! నాలుగేళ్లయినా ఆయన చూసింది లేదు.

పోయిన నెల తిరుమలగిరి దగ్గర కారు ప్రమాదంలో ప్రిసిల్లా చనిపోయింది. రిసెప్షన్‌లో ఫోటోకి దండ వేశారు. దండలో సుత అందంగానే ఉంది, ముదనష్టపుది, అనుకుంది స్వర్ణ. అలా అనుకున్నందుకు సిగ్గుపడనూ లేదు.

వార్తల ముందు వినిపించే పలకరింపు ఇంకా ప్రిసిల్లా గొంతులోనే ఉంది; ఇవాళ దాన్ని స్వర్ణ కొత్తగా చదవాలి. అది హేమచంద్రకి నచ్చితే తొమ్మిది గంటలు మళ్లీ ఆమెవే.

"హెన్రీ, ఆమె గొంతు తీసెయ్."

అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ హెన్రీ తటపటాయించాడు. "ప్రిసిల్లా మేడమ్‌ది ఇదొక్కటే మిగిలిందక్కా. వాళ్లమ్మ కావాలన్నది..."

"చచ్చినంక సుత జాగా ఖాళీ చెయ్యదా ఏందీ? తీసెయ్!"

తీసేశాడు. ఎర్ర దీపం వెలిగింది.

స్వర్ణ నోరు తెరిచేలోపు... పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు. చదవబోయే ముందు తీసుకునే నిండు ఊపిరి.

"ఏమైందక్కా?"

"ఏం లేదు."

మళ్లీ అదే ఊపిరి. ఈసారి మెడ మీద. చల్లగా. వెంట ప్రిసిల్లా వాడే హెయిర్‌స్ప్రే ఘాటు. స్వర్ణ ఏ స్ప్రే కొట్టుకోలేదు...

ఆమె పళ్లు బిగించింది. "పో" అంది గుసగుసగా. "ఇది నాది. మొదట్నుంచీ నాది."

చదివేసింది. ఒక్క టేకులో. చివరి మాటతోపాటు గొంతులోంచి సన్నటి దారం ఎవరో లాగినట్టయింది.

బయటికొచ్చి తలుపు మూసేసరికే హెన్రీ ఆ ముక్క హేమచంద్రకి పంపేశాడు. ఫోన్ మోగింది. స్పీకర్‌లో హేమచంద్ర.

"వాహ్ స్వర్ణా! ప్రిసిల్లా నీ ముందు ఎంత! ఇవాళ్టి నుంచి తొమ్మిది నీదే. ఖుషేనా?"

నాలుగేళ్లుగా వినాలనుకున్న మాట. స్వర్ణ నోరు తెరిచింది. గాలి వచ్చింది, అంతే. మళ్లీ ప్రయత్నించింది. పెదాలు కదిలాయి... శబ్దం లేదు.

మూసిన గదిలో ఎర్ర దీపం వెలిగింది. స్విచ్ ఎవరూ నొక్కలేదు; హెన్రీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

గదిలోని మైకుకి కలిపిన హెన్రీ బల్ల మీది స్పీకర్‌లో స్వర్ణ గొంతే పలికింది, హాయిగా నవ్వుతూ. "చాలా ఖుషీ సార్. ఇగ నేనెక్కడికీ పోను."

"శభాష్" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అదే స్పీకర్‌లో, ఖాళీ గదిలో ఎవరో గటగటా నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.