తెలుపు మీద తెలుపు

పవోతెరే రేవులో చేపలు దింపే వేళ, అందరూ చూస్తుండగానే గూఢచారి బాసోని కాల్చేశారు. హస్నియార్ ఒడిలో ప్రాణం విడుస్తూ అతను చెప్పింది ఒక్కటే.

"ఆ డైవింగ్ కంపెనీ వెబ్‌సైట్... ఓడ... ఈ రోజే..."

హస్నియార్ మకస్సర్ నగర గూఢచారి విభాగంలో సీనియర్ ఏజెంట్. పోయినేడాది ఒక పేలుడులో ఆమె చూపు సగం పోయింది. ఆ వెబ్‌సైట్ పరిశీలించమని చీఫ్ పాక్ మాపా ఆమెను బీచ్ రోడ్డులోని సేఫ్‌హౌస్‌కి పంపి, షెర్లీని తోడిచ్చాడు. విభాగం తరఫున విదేశీ ముఠాలో చేరి రహస్యాలు తెస్తున్న అందగత్తె షెర్లీ.

"ఆ పేజీ నేను చూశాను కాక్. తాబేళ్ళు, పగడాలు, టికెట్ల ధరలు. అంతే!" అంది షెర్లీ లిప్‌స్టిక్ దిద్దుకుంటూ. హస్నియార్‌ను ఆమె కాక్, అంటే అక్క, అనే పిలుస్తుంది.

"ఈ బూడిదరంగు అక్షరాలు నాకు ఆనడం లేదమ్మా."

"ఇటివ్వు, నేను చదివి పెడతా."

"అన్నీ నీతోనే చదివించుకుంటే నన్ను ఇంట్లో కూర్చోబెడతారే."

నవ్వుతూనే హస్నియార్ లాప్‌టాప్‌లో బ్రౌజర్ సెట్టింగ్స్ తెరిచింది. అక్షరాల సైజు రెండింతలు చేసింది. పేజీ రంగులు వద్దని, తన కళ్ళకు పడే రంగులు పెట్టుకుంది. నల్లటి తెర, పసుపు అక్షరాలు.



పేజీలో అన్నిటికన్నా పైన, ఇంతవరకూ తెల్లగా ఖాళీగా ఉన్న చోట అక్షరాలు లేచాయి. తెలుపు మీద తెలుపుతో రాసి దాచిన మాటలు. 'సినార్ తెలుక్ ఫెర్రీ. లైఫ్ జాకెట్ల పెట్టెలో బాంబు. రేవు దాటగానే. గుడ్డిదాని సంగతి షెర్లీ చూసుకుంటుంది.'

ఫోను షెర్లీ దగ్గరుంది. తలుపు తాళమూ ఆమె దగ్గరే. కిటికీలోంచి, ఎదుటి రేవులో ఫెర్రీ మెట్లెక్కుతున్న పిల్లల కేకలు వినబడుతున్నాయి.

ప్రింట్ నొక్కింది. వెనక రంగులు రాకుండా టిక్ తీసేసింది. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలు రావాలి. మొదటి పేజీ చాలు. విభాగం నెట్‌వర్క్‌కు కలిపిన ప్రింటర్ల వరుసలో రేవు అధికారులది, 'హార్బర్ కంట్రోల్' ఎంచుకుంది. వేలు ఒకసారి తప్పింది. మళ్ళీ నొక్కి, వెంటనే రంగులన్నీ మామూలుగా మార్చేసింది.

"ఏం ప్రింట్ చేస్తున్నావు కాక్?"

"ధరలు. కాగితం మీదైతే తేలిగ్గా కనబడతాయి."

"మరి మన ప్రింటర్ కదలడం లేదే?"

హస్నియార్ లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంది. "కాగితం ఇరుక్కుందేమో."

షెర్లీ లేచి తెర వైపు వంగింది. మూలన ఇంకా వెలుగుతున్న ప్రింటర్ పేరు చూసింది. లిప్‌స్టిక్ అడుగు తిప్పింది. సన్నటి సూది బయటికొచ్చింది.

"నీకు అంతా కనబడిందన్నమాట!"

హస్నియార్ గోడకు ఆనుకుపోయింది. సూది మెడ దాకా వచ్చింది. బయట ఓడ మోకు విప్పుతున్న చప్పుడు. హస్నియార్ చేతిలోని లాప్‌టాప్ ఎత్తి అడ్డం పెట్టింది. సూది తెరలో గుచ్చుకుని విరిగింది. అప్పుడే ఫెర్రీ సైరన్ ఆగకుండా మోగింది. వెనక్కి, వెనక్కి అంటూ మైకులో అరుపులు. రేవు నుంచి కబురందుకున్న పాక్ మాపా మనుషులు తలుపు బద్దలు కొట్టారు. షెర్లీ చేతులకు బేడీలు పడ్డాయి.

హస్నియార్ గోడ పక్కనే కూర్చుంది. బాంబును నిర్వీర్యం చేశారని కబురొచ్చాక పాక్ మాపా ఆమె పంపిన ప్రింటు కాగితాన్ని ఆమె ఎదుట ఊపాడు.

"ఇంత పెద్ద అక్షరాలేమిటి హస్నియార్? నా కళ్ళు బాగానే ఉన్నాయిగా!"

"ఆ పేజీని ఇన్నాళ్ళూ చూసింది బాగున్న కళ్ళే పాక్."