మా దగ్గర దొరకని సినిమా

ఏడాదిగా కట్టిన నల్లబట్ట విడిచి, ఆ శనివారం పొద్దున్నే సేర్వా తెల్లబట్ట కట్టుకుంది. భర్త బ్రోబే పోయి సరిగ్గా ఏడాది. తమ కుమాసీ ఊరి ఆచారం ప్రకారం దుఃఖం తీరిన రోజు, చుట్టాలూ ఇరుగుపొరుగూ భోజనాలకొచ్చే రోజు. కొడుకు ఒపోకుని ఆమె కోరింది ఒక్కటే, ఆయన నటించిన సినిమా చూపించమని. రాజు మెల్లగా అన్న మాటను సభకు గట్టిగా వినిపించే పెద్దమనిషి వేషం ఆయనది. తీసింది ఈ వాకిట్లోనే. ఆ వేషంలో ఆయన పట్టుకున్న కర్ర ఇంకా గోడకి ఆనించే ఉంది.

ఒపోకు కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు.

"మన దేశంలో ఈ సినిమా అమ్మరట అమ్మా. హక్కులు బయటి కంపెనీ కొనేసుకుంది."

"ఇక్కడ తీసిన సినిమా ఇక్కడ అమ్మకపోవడమేంట్రా!"

"ఉపాయం ఉందిలే. మనం లండన్‌లో ఉన్నామని కంప్యూటర్‌ని నమ్మిస్తా. అక్కడి ధర మండిపోతోంది, అయినా కొంటా."

సేర్వా మొహం ఎర్రబడింది. "మీ నాన్న పుట్టిందీ పోయిందీ ఈ ఇంట్లోనే. ఆయన్ని చూడ్డానికి నేను ఈ ఊరిదాన్ని కాదని చెప్పాలా? అదీ ఇవాళ?"

"ఒక్క అబద్ధమేగా!"

"నువ్వు చెప్పుకో. నేను చూడను."

"నీ ఒక్కదాని కోసమేనా నా పాట్లు?" ఒపోకు కంప్యూటర్ మూసేశాడు. "నాకు మాత్రం నాన్నని చూడాలని ఉండదా?"

వాడి బాధ సేర్వాకి ఏడాదిగా కనబడనే లేదు.

గంజి గిన్నెలు తెచ్చిన కోడలు దూఫీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ సినిమాలో వేసినవాళ్ళంతా మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వస్తున్నారు కదా అత్తయ్యా. తిని ఊరికే పోతారా? ఆడి చూపించమందాం."

వేరుశెనగ పులుసుతో భోజనాలయ్యాక, రాజు వేషం వేసిన టాక్సీ డ్రైవర్ ప్లాస్టిక్ కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. కర్ర పట్టుకునేవాళ్ళే లేరు. అందరూ ఒపోకు వైపు చూశారు. సినిమా తీసేటప్పుడు నెలరోజుల పాటు సాయంత్రాలు తండ్రిచేత ఆ మాటలు వల్లె వేయించింది వాడే.

ఒపోకు కర్ర అందుకున్నాడు. మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. దర్శకుడు ఎంత మొత్తుకున్నా బ్రోబే మానని అలవాటది. వాకిలంతా గొల్లున నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే సేర్వా కళ్ళు నిండిపోయాయి. గొంతు అచ్చం ఆయనదే.

అయిపోయాక ఆమె కొడుకు చెంపలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ కంపెనీవాళ్ళకి రాసెయ్యరా, ఈ సినిమా వాళ్ళ దేశంలో దొరకదని."