మారెట్‌ని పిలిచిన సభ

మధ్యాహ్నం మూడింటికే ఊరంతా చీకటి. డిసెంబరులో ఆ ఉత్తరపు రేవులో సూర్యుడు ముఖం చూపించడు. లైబ్రరీలో మాత్రం దీపాలు, కాఫీ, ఏలకుల బన్నుల వాసన. పుస్తకాల సభకి వచ్చింది ముగ్గురే: రిటైరైన లైబ్రేరియన్ గుద్నీ, బడిపంతులమ్మ ఇంగ్‌విల్, ఆమె చెల్లెలు హెర్దిస్. అమ్మ పోయాక ఏడాదిగా గది దాటని చెల్లెల్ని ఇంగ్‌విల్ బతిమాలి తీసుకొచ్చింది. ఇక ఆమెకి మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

ఈ నెల నవల ఆ ఊరి పాత కథే. మూడొందల యాభై ఏళ్ల కిందట వలలో చేపలు పడకపోతే మగవాళ్లు ఆడవాళ్లని పట్టేవారు. మంత్రగత్తె అని సముద్రంలోకి తోసేవారు. మునిగితే నిర్దోషి, తేలితే మంట. ఇంకో ఆడదాని పేరు చెబితే హింస కాసేపు ఆపేవారు.

సభ పద్ధతి ఏమిటంటే, నచ్చిన భాగం చదివినవాళ్లు తర్వాతి వాళ్లని పేరు పెట్టి పిలవాలి.

"ఈ పుస్తకానికి ఆ పద్ధతి వద్దేమో, గుద్నీ గారూ," అంది ఇంగ్‌విల్.

"ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. నీ సంస్కరణలు బడిలో పెట్టుకో."

హెర్దిస్ నవ్వింది. ఏడాదిలో మొదటి నవ్వు. అది చూసి ఇంగ్‌విల్ తన పుస్తకం తెరిచింది.

ఆ రోజుల్లో మంత్రగత్తె అని చంపిన మారెట్ అనే ముసలామె విచారణని గుద్నీ చదివింది. 'తాడు వదులు చేయండి... చెబుతాను...' చదివేకొద్దీ ఆమె గొంతు బొంగురుపోయింది. గదిలో తడి తాడు వాసన కమ్ముకుంది. ఎక్కడో నీళ్లు గట్టుకి తగులుతున్న చప్పుడు...

"ఇంగ్‌విల్," అని ఆగింది గుద్నీ.

మళ్లీ నోరు విప్పలేదు. రెప్ప వేయలేదు. ఆమె పెదవుల కొసన నీళ్లు కారుతున్నాయి.

ఇంగ్‌విల్ లేవబోయింది. కాళ్లు లేవలేదు. నోరు దానంతట అదే చదవడం మొదలుపెట్టింది. పేజీ అయ్యేసరికి గొంతు నిండా ఉప్పునీళ్లు. ఊపిరి లేదు. ఒక పేరు చెబితే ఊపిరి వస్తుందని ఆమెకి తెలిసిపోయింది. నాలుక మీద సిద్ధంగా ఉన్న పేరు ఒక్కటే.

"అక్కా, ఏమైంది?" హెర్దిస్ గుసగుసగా అడిగింది. "నీ వల్ల కాకపోతే నన్ను పిలువు. నేను చదువుతా."

ఇంగ్‌విల్ పళ్లు బిగించింది. కళ్లు చీకట్లు కమ్మాయి. చచ్చిపోయినదాన్ని ఎవరూ ఇంకేమీ చేయలేరు కదా...

"మారెట్," అంది.

నీళ్లు దిగిపోయాయి. ఊపిరి వచ్చింది. ఇంగ్‌విల్ ఏడుస్తూ చెల్లెలి వైపు తిరిగింది.

హెర్దిస్ ఒళ్లో పుస్తకం మూసే ఉంది. అయినా ఆమె చదువుతోంది, ముసలి గొంతుతో, తడబాటు లేకుండా... కిటికీలన్నీ మూసి ఉన్నాయి. హెర్దిస్ జుట్టు మాత్రం మెల్లగా, నీళ్లలోలాగా, పైకి తేలుతోంది.