మణిధరుడి వేషం

సృజన్ గ్రూప్స్ పరీక్షలకు చదువుకుందామని సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో చేరాడు. పగలంతా రీడింగ్ రూములో ఉన్నా, పొద్దు వాలిందంటే కాళ్లు చిక్కడపల్లి వైపు లాగేవి. అక్కడ ఓ సందులో, పాత హాల్లో, కిషన్ రావు గారి నాటక సమాజం రిహార్సల్స్ జరిగేవి. ఇన్నాళ్లూ భటుడి వేషాలకే నోచుకున్నవాడికి ఆ చలికాలం ఒక్కసారిగా పెద్ద వేషం వచ్చింది. ‘హేమవతీ మణిధరం’ నాటకంలో రాజకుమారుడు మణిధరుడు.

వచ్చిన తీరే బాగాలేదు. ఏళ్లుగా ఆ వేషం కట్టిన ఇంద్రసేన వానాకాలంలో డెంగీ జ్వరంతో పోయాడు.

హేమవతి వేషం సంయుక్తది. బ్యాంకులో ఉద్యోగం, నారాయణగూడలో తల్లి మనోరమతో కాపురం. ఆమె అంటే ఇంద్రసేనకు ప్రాణమని సమాజంలో అందరికీ తెలుసు. స్టేజీ మీద వందసార్లు చెప్పిన ప్రేమ మాట బయట ఒక్కసారీ చెప్పలేదు. ఆసుపత్రికి పోయేముందు మాత్రం ఫోన్ చేసి, "తగ్గినంక నిన్నొక మాట అడుగుత" అన్నాడట. తగ్గలేదు.

మొదటి రిహార్సల్లోనే తోట సీనులో సృజన్‌కు పద్యం మధ్యలో మాట జారిపోయింది. అంతలో ఎడమవైపు తెర వెనక నుంచి ఎవరో మెల్లగా మాట అందించారు. అందుకున్నాడు. ఆగినచోటల్లా ఆ గొంతు అందిస్తూనే ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు దించాలో కూడా ఆ గుసగుసలోనే తెలిసిపోతోంది. సీను అయ్యేసరికి కిషన్ రావు గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"దాసయ్య తాతా, నువ్వు లేకుంటే నా ఇజ్జత్ పోతుండె" అంటూ సృజన్ తెర పక్కకు తొంగిచూశాడు.

ఎవరూ లేరు. మడతపెట్టిన పాత తెరలు, దుమ్ము, ఎలుకల కంపు. ఆ కంపు మీదుగా ఘాటుగా లవంగం వాసన. గొంతు బాగుండాలని ఇంద్రసేన ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు.

మాటలు అందించే దాసయ్య అప్పుడే వీధి తలుపు తోసుకుని ఆయాసపడుతూ లోపలికి వస్తున్నాడు. "ట్రాఫిక్ల ఇరుక్కున్న బిడ్డా. షురూ చేసిండ్రా?"

సృజన్ ఎవరికీ చెప్పలేదు. భయం లేక కాదు. ఆ గొంతు పోతే ఈ వేషమూ పోతుందని. పొగడ్త అలవాటైతే మానడం కష్టం. రోజూ ఎడమ చెవి ఒగ్గి నిలబడ్డాడు, రోజూ శెభాష్ అనిపించుకున్నాడు.

కానీ రానురాను ఆ గొంతు దగ్గరకు వచ్చింది. మొదట తెర వెనక. తర్వాత తెర ఇవతల. ఓరోజు సరిగ్గా భుజం వెనక. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. ఆ రోజు అందించింది నాటకంలోని మాట కాదు.

"జర పక్కకు జరుగు, తమ్మీ..."

ఆ సాయంత్రం నారాయణగూడ చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్లో సంయుక్తకు అంతా చెప్పేశాడు. ఆమె కెవ్వుమంటుందనుకున్నాడు. ఆమె చాయ్ కప్పు కింద పెట్టి అతని వైపు వంగింది. కళ్ల నిండా నీళ్లు.

"నీకు వినిపిస్తున్నడా? మరి నాకెందుకు వినిపిస్తలేడు?"

"అక్కా, పిచ్చి మాటలు మాట్లాడకు. అది మంచిది కాదు."

"వాన్ని ఒక్క మాట అడగనీ సృజన్. వాడు జరగమన్నప్పుడు... జరుగు. నీ కాళ్లు మొక్కుత."

"నేను జరగ" అన్నాడు సృజన్. ఆ మాట గట్టిగానే అన్నాడు.

ప్రదర్శన ఆదివారం సాయంత్రం. హాలు నిండింది. ముందు వరుసలో మనోరమ కూర్చుంది. సృజన్ వేషం కట్టుకోకముందే అతన్ని పలకరించి, ఓసారి ఇంటికి భోజనానికి రమ్మంది. తోట సీను దాకా అంతా సాఫీగా నడిచింది. ఆ సీను చివర మణిధరుడు చెయ్యి చాచి, "హేమవతీ! ఈ కోట దాటి నా వెంట వచ్చెదవా?" అని అడగాలి. ఆమె జవాబు చెప్పకుండా తల దించుకోవాలి. తెర పడాలి.

సృజన్ చెయ్యి చాచాడు.

లవంగం వాసన గుప్పుమంది.

"జరుగు తమ్మీ..."

జరగలేదు. పళ్లు బిగించాడు. దీపాల వేడికి కారుతున్న చెమట వీపు మీద మంచులా మారింది.

"జరుగు..."

మాట అందామని నోరు తెరిచాడు. గొంతులో గాలి లేదు. జనం చూస్తున్నారు. ఎదురుగా సంయుక్త. ఆమె పెదవులు కదిలాయి. చప్పుడు లేకుండా వేడుకుంటోంది... జరుగు... జరుగు...

ఒక్క అడుగు. కుడివైపు. జాలితో వేశాడో, ప్రాణభయంతో వేశాడో అతనికే తెలియదు.

అతను నిలబడిన చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలోంచి మాట వచ్చింది. సృజన్ పెదవులు మూసే ఉన్నాయి. అయినా వచ్చింది, సృజన్ గొంతుతోనే.

"నా వెంట వస్తవా?"

సంయుక్త తల దించుకోలేదు. అతని వైపూ చూడలేదు. ఆ ఖాళీ వైపు చూసి నవ్వింది.

"వస్త" అంది.

హాలంతా చప్పట్లు. తెర పడింది.

మర్నాడు మధ్యాహ్నం సృజన్ హాస్టల్ మెస్సులో కంచం ముందు కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు. చుట్టూ పిల్లలు కరెంట్ అఫైర్స్ మీద వాదించుకుంటున్నారు. ఫోన్ మోగింది. సంయుక్త నంబరు. ఎత్తితే మాట్లాడింది మనోరమ.

"బాబూ, ఏమనుకోకు. పొద్దున్నుంచి గదిల తలుపేసుకొని మీరిద్దరు పద్యాలు చదువుతనే ఉన్నరు. ఎంత కొట్టినా తీస్తలేరు. దీని ఫోనేమో బయటనే ఉన్నది, అందుకే నీకు చేసిన. అన్నం చల్లారిపోతున్నది, జర అవతలికి రాండ్రి."

సృజన్ కంచం ముందు నుంచి లేచాడు.

"ఆంటీ... నేను అక్కడ లేను. అశోక్‌నగర్ల ఉన్న. తలుపు కొట్టకుండ్రి. మీరు ముందుగాల బయటికి పోండ్రి..."

"ఏందో, సరిగ్గ వినొస్తలేదు బాబూ... ఆఁ, తీసిండ్రు, తీసిండ్రు."

గొళ్లెం తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంది. మనోరమ ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

"ఆంటీ?"

ఆమె గొంతు వచ్చింది. చిన్నగా.

"నువ్వు నా ఎదురుంగనే ఉన్నవు కద సృజన్... మరి ఈ ఫోన్ల మాట్లాడుతున్నది ఎవలు?"