అన్నయ్య ఎంచిన బూడిద రంగు

పాత కారు ఇంజిన్‌కి రంగు ఎంచడానికి అన్నయ్యకు ఓ వేసవంతా పట్టింది. రేకు ముక్కల మీద రకరకాల రంగులు పూసి, పొయ్యి మీద కాల్చి, ఏది పొంగుతుందో, ఏది పెచ్చులూడుతుందో చూసేవాడు. వంటిల్లంతా కంపు. "నన్ను చేసుకునే ముందు కూడా ఇన్ని పరీక్షలు పెట్టలేదు" అని వదిన దెప్పేది. చివరికి ఒకటి నిలిచింది. మెరుపు లేని బూడిద రంగు. ఎంత కాల్చినా చెక్కు చెదరలేదు. మురిసిపోతూ డబ్బా కొనితెచ్చాడు. పూయకుండానే పోయాడు.

ఆ పని తమ్ముడి నెత్తిన పడింది. ఇంట్లో అతని ముద్దుపేరు రేపుమాపు. ఏం చెప్పినా అతని నోట వచ్చే మాట అదే మరి. డబ్బా తెరిచి, రంగు కలిపి, ఫోన్ మోగితే లేచి వెళ్ళాడు. మూత రేపు పెట్టొచ్చులే అనుకున్నాడు. వారం గడిచాక చూస్తే రంగు గట్టిపడి ఉలి పెడితే తప్ప లొంగనంటోంది. ఆ మాట వదినతో చెప్పడానికి మొహం చెల్లలేదు. గేట్లకు వేసే మామూలు బూడిద రంగు తెచ్చి, ఆ డబ్బాలోని గడ్డ తవ్విపారేసి, అందులో పోశాడు.

"ఆయన ఎంచిందే కదా?" అంది వదిన డబ్బా చూసి.

"అదే వదినా."

నోరు కాస్తయినా తడబడలేదు. అంత సునాయాసంగా అబద్ధమాడినందుకే ఆ రాత్రి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దున లేచి, పూసేశాడు.

వదిన కోరిందల్లా ఒక్కటే. ఆ ఇంజిన్ మోగితే ఆయన షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది, ఒక్కసారి వినిపించమంది.

ఆ మధ్యాహ్నం వాన ముంచుకొచ్చింది. సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి కాస్త వెలుతురు వస్తోంది. ఇంజిన్ దగ్గి, మూలిగి, అందుకుంది. వదిన కళ్ళు మూసుకుని వింటోంది. ఇంజిన్ మెల్లగా వేడెక్కింది. ముందు రంగు కమురు వాసన. తర్వాత, బానెట్ కింద, ఒక బొబ్బ లేచింది.

దాని పక్కన ఇంకొకటి.

మరొకటి...

వరస చూస్తే వేళ్ళలా ఉన్నాయి. రంగు పూసే ముందు థిన్నర్‌తో తుడిచాక ఇనుమును ఉత్త చేత్తో తాకకూడదు. తాకితే చేతి జిడ్డు వేడికి రంగులోంచి పైకి తేలుతుంది. అన్నయ్య నేర్పిన వాటిలో అతను సరిగ్గా పాటించిన జాగ్రత్త అదొక్కటే. చేతి తొడుగులు విప్పలేదు.

"వదినా, నువ్వు గానీ ముట్టుకున్నావా?" అన్నాడు. తప్పు మోపడానికి మనిషి దొరికిందన్న ఊరట గొంతులో అతనికే వినిపించింది.

ఆవిడ అరచెయ్యి చాపింది. చిన్న చెయ్యి. ఇంజిన్ మీద ముద్ర పెద్దది. చూపుడు వేలు సగమే ఉంది. ఎప్పుడో ఫ్యాన్ రెక్క కోసేసిన అన్నయ్య వేలు.

గబుక్కున తాళం తిప్పి ఆపేశాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంజిన్ ఆగింది. బొబ్బలు ఆగలేదు... రంగు కింద రెండో చెయ్యి లేస్తోంది. అతని వైపుకి.

"వదినా... అది అన్నయ్య రంగు కాదు. ఆ డబ్బా నేనే పాడు చేశాను."

"తెలుసు," అంది మెల్లగా. "నువ్వు పోస్తుంటే చూశారట."

"ఎవరు?"

"ఇంకెవరు? మీ అన్నయ్య." కూరలు తరుగుతూ చెప్పినంత మామూలుగా అంది. "వాడే చెప్తాడు, నువ్వు అడగకు అన్నారు. ఇన్నాళ్ళూ నిన్ను వెనకేసుకొచ్చారు."

పారిపోవాల్సింది. షట్టర్ తెరిచే ఉంది. కానీ పారిపోతే అదీ చూస్తాడు కదా. అతనికి భయం కన్నా ఆ ఆలోచనే ఎక్కువ నొప్పి పెట్టింది. అన్నయ్య మొహం ఎలా చూడాలి?

ఇంటి వైపు తలుపు తెరుచుకుంది. అడుగులు. తొందర లేని అడుగులు...

"తల ఎత్తు," వదిన గుసగుసలాడింది. "ఏమీ అనరులే."

ఎత్తలేకపోయాడు. నేల చూస్తూ నిలబడ్డాడు. పక్కనే వదిన పాదాలు కనిపిస్తున్నాయి.

అవి కాస్త పక్కకు జరిగాయి. ఎవరికో చోటు ఇస్తున్నట్టు.