రెండంకెల దూరం

ఉదయం తొమ్మిదింటికి ప్రొఫెసర్‌ని ఇంట్లో ఆయన కుర్చీలోనే కాల్చేశారు. పదింటికల్లా గూఢచారి డేగ చేతికి ఏసీ మెకానిక్ యూనిఫాం వచ్చింది.

"మన రక్షణ నెట్‌వర్క్ తాళంచెవి ఆయన ల్యాబ్‌లో ఒక ఫోటాన్ స్థితిలో దాగి ఉంది," అన్నాడు చీఫ్. "దాన్ని ఎవరూ మోసుకెళ్ళక్కర్లేదు. పెనవేసుకున్న కణాల జంటలో ఒకటి ల్యాబ్‌లో ఉంది. రెండోది శత్రువుల అడ్డాకి చేరిపోయింది. ఇక్కడ కొలత తీస్తే ఇక్కడి స్థితి చెరిగిపోయి అక్కడ తేలుతుంది."

"క్షణంలోనా?"

"అక్కడే ఉంది మెలిక. కొలతలో వచ్చిన రెండంకెలు మామూలు ఫోన్‌లో చెప్పాలి. వాటితో సరిదిద్దుకుంటేనే తాళంచెవి, లేకపోతే చెత్త. ఫోన్ కలవనివ్వు, అడ్డా ట్రేస్ చేయాలి. దానికి ఇరవై సెకన్లు పడుతుంది. 'దూడ దొరికింది' అంటే పని అయినట్టు. అంకెలు మాత్రం దాటకూడదు."

"కొలత తీసేదెవరు?"

"ప్రొఫెసర్ మేనకోడలు. మన జీతం తింటుంది, వాళ్ళ జీతమూ తింటుంది. అంకె పలకబోతే కాల్చెయ్."

డేగ ల్యాబ్‌లో స్టూలెక్కి ఏసీ మూత విప్పాడు. స్క్రూడ్రైవర్ పిడిలో ఒకే ఒక్క బుల్లెట్. కింద ఆమె, చెవులకి ముత్యాలు, చెక్కుచెదరని ముఖం. బల్లకి అవతల శత్రువుల ముఠా మనిషి, చెయ్యి కోటు జేబులోని పిస్టల్ మీద. స్క్రీన్ అతనికి కనపడదు. పైనున్న డేగకి కనపడుతోంది.

ఆమె మీట నొక్కింది. ఒకటి, సున్నా.

తాళంచెవి ఇక ఇక్కడ లేదు. ఆమె ఫోన్ కలిపింది.

"హలో. వినిపిస్తోందా?"

పన్నెండు సెకన్లు. డేగకి ముచ్చెమటలు పోశాయి. పిడి ఆమె మెడవైపు తిరిగింది.

"నాన్చకు, చెప్పు!" పళ్ళు నూరాడు ముఠా మనిషి.

పదిహేడు. డేగ వేలు బిగిసింది.

"సున్నా..." అంది ఆమె.

డేగ స్క్రీన్ చూశాడు. మొదటి అంకె సున్నా కాదు, ఒకటి. వేలు సడలింది.

"...సున్నా."

"దూడ దొరికింది," అంది చెవిలోని ఇయర్‌పీస్.

పిడి గిర్రున తిరిగింది. బుల్లెట్ ముఠా మనిషి భుజంలో దిగింది. స్టూలుతో సహా డేగ అతని మీద పడ్డాడు.

తప్పుడు అంకెతో సరిదిద్దిన తాళంచెవి అవతల ఎందుకూ కొరగాకుండా పోయింది. అడ్డా మీద పోలీసులు పడ్డారు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి డేగ వైపు తిరిగింది.

"మా మావయ్యని చంపినోళ్ళకి నిజం చెబుతాననుకున్నారా?"

"నాకు ముందే చెప్పొచ్చుగా! ఇంకొంచెముంటే కాల్చేసేవాణ్ణి."

"చెబితే మీ మొహంలో తెలిసిపోయేది," ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏదీ దాచుకోలేరండీ మీరు."

పదిహేనేళ్ళ గూఢచారి సర్వీసులో డేగకి ఇంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదు.